బురదలో పరుగు, బురదలో సైకిలు... అమ్మాయి పందేనికి వెళ్తానంటే?

వానాకాలం వచ్చిందంటే మనకి ఒకటే గొడవ. బట్టలారవు, గుమ్మంలోకి బురద, జాడీల్లో పచ్చళ్లకి బూజు భయం. అలాంటి రోజుల్లో ఇంట్లో ఆడపిల్ల "అమ్మా, పరుగూ-సైకిలూ పోటీకి పేరిచ్చాను, రేపట్నించి ఐదింటికే లేపు" అంటే మీరేం చేస్తారు?

అన్నవరంలో ఉండే మా ఆడపడుచు ఏం చేసిందో చెప్తాను. "నీకేమైనా పిచ్చా? కాలు విరిగితే నిన్నెవరు చేసుకుంటారే?" అంది. ఆ వెంటనే నాకు ఫోన్ చేసి, "వదినా, నువ్వైనా వచ్చి దానికి చెప్పు" అంది. చెప్పడానికనే వెళ్లాను. నాలుగు రోజులుండి, మేనకోడలి పక్షం చేరిపోయాను!

ఈ పందేన్ని డ్యుయథ్లాన్ అంటారు. ముందు పరుగు, వెంటనే సైకిలు, దిగీ దిగగానే మళ్లీ పరుగు. పెద్ద పోటీ అయితే 10 కిలోమీటర్ల పరుగు, 40 కిలోమీటర్ల సైకిలు, మళ్లీ 5 కిలోమీటర్ల పరుగు. చిన్నదాంట్లో ఇవన్నీ సగం, అంటే 5, 20, రెండున్నర. మట్టిదారుల్లో పెట్టేవాటిలో దూరాలు మారతాయిగానీ వరస ఇదే. "ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకండీ" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మారథాన్ పరుగూ, రోడ్డు మీద సైకిలు పందెమూ పెట్టిందే 1984లో. 2024లో పారిస్‌లో 4×400 మీటర్ల రిలే పరిగెత్తిన మన దేశపు జట్టులోని దండి జ్యోతికశ్రీ తణుకు పిల్ల. కాబట్టి ఆ వాదన పక్కన పెడదాం.

అన్నవరం చూశారు కదా. ఇటు రత్నగిరి, కింద పంపా నది, పక్కనే లారీలు రయ్యిమని పోయే 16వ నంబరు జాతీయ రహదారి. ప్రాక్టీసుకి ఆ హైవే మాత్రం వద్దు. వానలో లారీవాడికి మీ అమ్మాయి కనపడదు. కొండ మెట్లూ వద్దు. మెట్లపూజ చేసుకునేవాళ్లు పెట్టిన పసుపూ కుంకుమా తడిస్తే కాలు జర్రున జారుతుంది, పైగా భక్తులు నడిచే చోట బూట్లతో పరుగులేమిటి? ఊరవతల పొలాల దారులే మేలు. అక్కడైనా ఒంటరిగా పంపకండి. మా పిల్ల వెనకాల వాళ్ల తమ్ముడు టీవీఎస్ మీద వెళ్లేవాడు. వానల్లో గట్ల మీదికి పాములొస్తాయి, కాబట్టి బాగా వెలుతురొచ్చాకే బయల్దేరాలి. మెరుపు కనపడ్డాక ముప్ఫై అంకెలు లెక్కపెట్టేలోపు ఉరుము వినపడితే ఆ రోజుకి పరుగు బంద్. చెట్టు కింద నిలబడకుండా పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి.

బురదలో పరిగెత్తడం మామూలు పరుగు కాదండీ. అంగలు చిన్నవిగా, త్వరత్వరగా వెయ్యాలి. చేతులు కాస్త ఎడంగా ఉంచుకుంటే తూకం తప్పదు. పాదాల దగ్గర కాదు, నాలుగైదు గజాల ముందుకి చూడాలి. నీళ్లు నిలిచిన గుంటలో కాలు పెట్టకూడదు, లోపల రాయుందో గాజుపెంకుందో ఎవరికి తెలుసు! అడుగున లోతైన గట్లున్న బూట్లు కావాలి, లేసులు రెండు ముళ్లు. మేజోళ్లు నూలువి వద్దు, అవి నీళ్లు పీల్చి పాదాల్ని ఒరిపించేస్తాయి. బయల్దేరేముందు వేళ్ల సందుల్లో వాజెలీన్ రాసుకుంటే పొక్కులు తగ్గుతాయి.

సైకిలుకి కూడా పద్ధతుంది. టైర్లలో గాలి రోజూకంటే కొంచెం తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. మరీ తగ్గిస్తే ట్యూబు కొరుక్కుపోతుంది. జిగటమట్టిలో మడ్‌గార్డులు సాయం చెయ్యకపోగా, మధ్యలో మట్టి ఇరుక్కుని చక్రమే తిరగదు, తీసేయించండి. ముందు బ్రేకు గట్టిగా నొక్కిందా, పిల్ల హ్యాండిలు మీదుగా బురదలోనే! తేలికైన గేరులో ఆగకుండా తొక్కుతూనే ఉండాలి. మరీ దిగబడితే సిగ్గుపడక్కర్లేదు, దిగి సైకిలు భుజాన వేసుకుని నడవడమే. విదేశాల్లో బురద పందేల్లో పెద్ద పెద్ద వీరులూ చేసేది అదే. అసలు కష్టం సైకిలు దిగాక. తొడలు సీసం పోసినట్టుంటాయి, కాళ్లు మనవి కావనిపిస్తుంది. అందుకే వారానికొకసారైనా ఇరవై నిమిషాలు తొక్కి, దిగిన క్షణమే పది నిమిషాలు పరిగెత్తడం అలవాటు చెయ్యాలి.

ఇక మన పని! బురద బట్టలు వెంటనే సర్ఫులో ముంచకండి. మట్టి ఎండనిచ్చి, దులిపి, బ్రష్‌తో గీకి, అప్పుడు చన్నీళ్లలో నానెయ్యండి. బూట్లు కడిగి, లోపల పాత పేపర్లు ఉండచుట్టి కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. పొయ్యి దగ్గర ఆరబెడితే అతుకులు ఊడతాయి. సైకిలు గొలుసు పాతగుడ్డతో తుడిచి, లింకు లింకుకీ ఒక్కో చుక్క మిషను నూనె. మా ఆడపడుచు కొబ్బరినూనె పోసేసింది, అది జిడ్డుకట్టి ఇసకంతా పట్టుకుంది.

తినడానికి బయల్దేరే గంట ముందు ఒక చక్కెరకేళి పండు, వచ్చాక ఇడ్లీలో, కాస్త ఉప్మాయో. జేబులో వేసుకోవడానికి చిమ్మిలికి మించింది లేదు. పావుకిలో నువ్వులు దోరగా వేయించి, చల్లారాక పావుకిలోకి కాస్త తక్కువ బెల్లంతో రోట్లో దంచి, నాలుగు ఏలకులు వేసి ఉండలు కట్టండి. చెమట ఎక్కువ పడితే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపిచ్చెయ్యండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి సుమా.

ఇంతవరకూ బాగానే ఉంది. మూడోరోజు పొద్దున్న పిల్ల సైకిలు దిగి పది అడుగులు పరిగెత్తి, గట్టు మీద కూలబడింది. "ఏం లేదత్తయ్యా, కళ్లు తిరిగాయంతే" అంది. గుండె దడదడ నా చేతికి తెలుస్తోంది. కింది రెప్ప లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, వంటింట్లో బియ్యం డబ్బా దగ్గర నిలబడి గుప్పెళ్లకొద్దీ పచ్చిబియ్యం నమలడం! ముద్దుగా "ఎలకపిల్ల" అని నవ్వుకున్నాం మేమంతా. నెలనెలా ఎక్కువ పోతోందని వాళ్లమ్మకి కూడా చెప్పలేదట. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. ఉండాల్సింది కనీసం 12.

మీ ఇంట్లో అలాంటివాళ్లు లేరనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని తేలింది. అంట్లు తోముతూ ఆయాసపడితే "పని ఎక్కువైంది" అనుకుంటాం. పరుగు పెట్టబట్టి ఈ పిల్లది బయటపడింది. మీ అమ్మాయి పోటీకి వెళ్తానంటే బూట్లు కొనేముందు ఆ పరీక్ష చేయించండి. ధనుర్వాతం ఇంజక్షను ఎప్పుడు చేయించారో కూడా చూసుకోండి. కాళ్ల మీద గాయాలుంటే బురదనీళ్లలోకి పంపొద్దు, ఎలకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. వాననీళ్లలో తిరిగొచ్చాక రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తే డాక్టరుకి బురద సంగతి తప్పకుండా చెప్పండి.

డాక్టరమ్మ మూడు నెలలు ఐరన్ మాత్రలు రాసిచ్చింది. నిమ్మరసంతో వేసుకోమంది, ముందూ వెనకా గంట కాఫీ, టీ వద్దంది. ఈసారి పందెం లేదు, మెల్లగా నడవొచ్చు అంది. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను తిరిగొచ్చేనాడు బస్టాండు దాకా వచ్చి కూడా మాట్లాడలేదు.

కార్తీక మాసంలో మళ్లీ రక్తం చూపిస్తే 11.2 వచ్చిందిట. మొన్న ఆడపడుచు ఫోన్ చేసింది. మళ్లీ పెళ్లి గొడవేమో అనుకున్నా. "వదినా, పాత పేపర్లు ఏవైనా ఉంటే వచ్చేప్పుడు పట్రా. బూట్లలో కుక్కడానికి ఇక్కడ అయిపోయాయి" అంది.