మీసములే కొలబద్దలు

వరి ఈనిన పిమ్మట కొన్ని కంకులు గింజపట్టక తెల్లగా నిలిచియుండును. పట్టి లాగినచో సులువుగా ఊడివచ్చును. ఇది మొగిపురుగు చేసిన పని. రంగారెడ్డి జిల్లాలో కోహెడవైపు నేమి, గోదావరి తీరమున నేమి, దీని బాధ నెరుగని వరిరైతు అరుదు. రెక్కలపై నల్లచుక్కలు గల పసుపువన్నె తల్లిపురుగు ఆకుకొనయొద్ద గుంపుగా గ్రుడ్లుపెట్టి నూగుతో కప్పును. పిల్ల కాండములో దూరిన పిమ్మట మందు దానికి తగులుట కష్టము. గ్రుడ్డుగా నున్నపుడే పట్టవలెను. అట్లు పట్టగల జీవి ట్రైకోగ్రామా.

ఇది కందిరీగలకు చుట్టమే కాని, దీని నిడివి ఇంచుమించు అర మిల్లీమీటరు, మనుష్యులను కుట్టదు. ఆడుది పరుల గ్రుడ్డులో తన గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల లోపలి సారమును తిని పెరుగును.

దొరికిన గ్రుడ్డు తగినదో కాదో తెలుపునవి తలమీది రెండు స్పర్శశృంగములు, అనగా మీసములు. ఆడుకందిరీగ గ్రుడ్డు నెక్కి, మృదంగము వాయించువాని వ్రేళ్లవలె వానితో తట్టుచు ఈ కొననుండి ఆ కొనకు నడచును. గ్రుడ్డు వంపునుబట్టి తలకును మీసపు మొదటి కణుపునకును నడుమనున్న కోణము మారును. తొలిసారి దాటుటకు పట్టిన కాలమునుబట్టి పరిమాణము తెలియును. ఈ సంగతులను 1980 దశకమున కెనడాలో ష్మిడ్ట్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు పరిశోధించి తెలిపిరి. పెద్ద గ్రుడ్డయినచో పెక్కు గ్రుడ్లు, చిన్నదయినచో ఒకటే పెట్టును. లెక్క తప్పినచో పిల్లలకు ఆహారము చాలదు. ఇంత నేర్పరియయ్యు, చిన్న గాజుపూసను గ్రుడ్డని భ్రమించి తొలువజూచుటయు కలదు!

వేరొక కందిరీగ ముందే వచ్చియున్నచో? ఇంగ్లండులో జార్జి సాల్ట్ 1937లో దీనిని పరీక్షించి ప్రకటించెను. మరియొకటి నడచిపోయిన గ్రుడ్డును మీసములతో తాకి, వాసన గ్రహించి, కందిరీగ విడిచిపోయెను. ఆ గ్రుడ్డును నీటితో కడిగినపుడు ఆ గురుతు పోయి, దానిని మరల చేకొనెను. లోపల నిజముగా పరుల గ్రుడ్డున్నచో మాత్రము, సూదిని గ్రుచ్చిన పిమ్మటనైనను గుర్తించి వదలెను.

రంగారెడ్డి జిల్లాలోనే, రాజేంద్రనగరమున నున్న జాతీయ వృక్ష ఆరోగ్య నిర్వహణ సంస్థ ఈ కందిరీగలను పెంచు విధమును నేర్పుచున్నది. బియ్యపుపురుగు గ్రుడ్లను అట్టలకు అంటించి కందిరీగలకు ఒప్పగింతురు. మూడు నాలుగు దినములలో అవి నల్లబడును. ఆ అట్టముక్కలను చేనిలో ఆకుల అడుగున కట్టుదురు. ఆ వారమున ఘాటైన పురుగుమందు చల్లరాదు. చల్లినచో ముందు చచ్చునది కందిరీగయే. మొగిపురుగు గ్రుడ్లలో నూగు క్రింది పొరలలోనివి కొన్ని తప్పించుకొనును. నల్లబడినవానినుండి మాత్రము వారము పది దినములలో కందిరీగలే వెలువడును.