పగటి రంగు, రాత్రి మెరుపు

చీకటి పడువేళ సైకిళ్లపై ఇండ్లకు మరలు విద్యార్థులను మనము ప్రతిదినము చూచుచున్నాము. మా కళాశాల విద్యార్థి ఒకడు కొత్తగా నిగనిగలాడు చిలకపచ్చ కోటు కొనుక్కొని, “మాస్టారూ, ఇక రాత్రిపూట కూడ లారీవానికి మైలు దూరమునుండి కనబడుదును” అని నాతో అన్నాడు. ఆ మాటలో సగము నిజము, సగము ప్రమాదము ఉన్నవి. ఆ రెంటిని వేరు చేసి చూతము.

మొదట పగటి సంగతి. మామూలు పసుపు గుడ్డ తనపై పడిన సూర్యకాంతిలో నీలిభాగమును మ్రింగి, మిగిలినదానిని వెదజల్లును. తనపై పడిన పసుపు కాంతికంటె ఎక్కువ పసుపు కాంతిని అది ఈయలేదు. కాని చిలకపచ్చ కోటులోని రంగు వేరు జాతిది. కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను, నీలికాంతిని గ్రహించి, వానిని పచ్చని పసుపు కాంతిగా మార్చి విడుచును. దీనినే ప్రతిదీప్తి అందురు. అందుచేత ఆ గుడ్డ తనంతట తానే వెలుగుచున్నట్లు తోచును. 1930ల దశకములో అమెరికాలో స్విట్జరు సోదరులు ఇట్టి రంగులను అభివృద్ధి చేసిరి. పగటివేళ మన కన్ను 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము దగ్గర, అనగా పసుపుపచ్చల నడుమ, మిక్కిలి చురుకుగా పనిచేయును. కనుక పగలు, మబ్బు పట్టినపుడు, సంజవేళ ఈ రంగు చక్కగా కనబడును.

మరి రాత్రి? మోటారు దీపములలో అతినీలలోహిత కాంతి బహు స్వల్పము. మేత లేని ఆవు పాలీయనట్లే, ఆ కిరణములు లేని రంగు వెలుగునీయదు. పైగా గుడ్డ కాంతిని అన్ని దిక్కులకు వెదజల్లును. డ్రైవరు కంటికి చేరునది అందులో అత్యల్పభాగము. మసక వెలుతురులో మన కంటికి రంగుల భేదము కూడ తగ్గిపోవును.

దీనివలన నష్టమేమో లెక్క వేసి చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. ఎదుట మనిషి ఉన్నాడని గ్రహించి బ్రేకుపై కాలు వేయుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, ఈలోగానే 25 మీటర్లు గడచును. పొడిరోడ్డుపై ఆగుటకు మరి 20 మీటర్లు కావలెను. మొత్తము 45 మీటర్లు. బరువు లారీకి, తడిరోడ్డుకు ఇంకను ఎక్కువ. 30 మీటర్ల దూరములో కనబడిన సైకిలు, కనబడియు ప్రయోజనము లేదు.

ఇచట మనకు వేరొక సాధనము అక్కరకు వచ్చును. గోడ కాంతిని నలుదిక్కులకు చల్లును. అద్దము ఒక్క ప్రక్కకే పంపును. వచ్చిన త్రోవనే కాంతిని వెనుకకు మరల్చునది మూడవ రకము. క్యారమ్ బల్లపై మూలకు దగ్గరగా ఒక అంచును కొట్టిన స్ట్రైకరు రెండవ అంచును కూడ తాకి, తాను వచ్చిన దిక్కునకే మరలుట మీరు చూచియుందురు. ఒకదానికొకటి లంబముగా నున్న మూడు తలములను అమర్చినచో కాంతియు ఇట్లే మరలును. సైకిలు వెనుకనుండు ఎఱ్ఱని బిళ్లలో ఇట్టి చిన్న మూలలు వరుసలుగా ఉండును. 1969లో అపోలో 11 వ్యోమగాములు ఇట్టి 100 పట్టకములనే చంద్రునిపై ఉంచి వచ్చిరి.

దుస్తులపై కుట్టు మెరుపుపట్టీలలో మూలలకు బదులు సన్నని గాజుపూసలు ఉండవచ్చును. పూసలో ప్రవేశించిన కిరణము వంగి వెనుక తలముపై కేంద్రీకృతమై, అచటి లోహపు పూతవలన పరావర్తనము చెంది, వచ్చిన దారినే పోవును. ఇందుకు 1.9 ప్రాంతపు వక్రీభవన గుణకము గల గాజు అనుకూలము. మామూలు గాజునకు అది 1.5 మాత్రమే. డ్రైవరు కన్ను తన దీపములకు దగ్గరగానే ఉండును గనుక, పట్టీ అతనికి దివ్వెవలె మెరయును. అయితే ఎదుటి బండికి దీపము లేకున్న ఈ పట్టీ వ్యర్థము. కావున సైకిలుకు సొంత దీపము తప్పనిసరి.

పట్టీని ఎచట కట్టవలెను? 1973లో స్వీడను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గున్నార్ యోహాన్సన్ చీకటిలో నడచు మనిషి కీళ్ల వద్ద మాత్రమే వెలుగు చుక్కలుంచి చూపెను. నిశ్చలముగా నున్నపుడు ఏమియు తెలియని ఆ చుక్కలు, కదలినంతనే మనిషిగా గుర్తింపబడినవి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన రాత్రి పరీక్షలలో, ప్రతిదీప్తి కోటు తొడిగిన సైకిలువానిని డ్రైవర్లు నూటికి 15 సార్లు మాత్రమే గుర్తించిరి. మెరుపు కోటుతో అది 50 అయినది. దానికి తోడు మోకాళ్లకు, చీలమండలకు పట్టీలు కట్టగా 90కి పెరిగినది. తొక్కునపుడు పైకి క్రిందికి ఆడు కాళ్లే “ఇతడు మనిషి” అని చాటును.

దుస్తుల రూపకర్తలకు ఇదొక మంచి పాఠము. ఫిన్లాండులో 1960ల దశకములో అర్వి లెహ్తి అను రైతు ఆరంభించిన మెరుపుబిళ్లలు నేడు జేబునుండి దారముతో వ్రేలాడు అలంకారములైనవి. హాలెండులో సైకిలు చక్రముల ప్రక్కలందు మెరుపు ఉండవలెనని నిబంధన కలదు. అందమునకు, రక్షణకు వైరము లేదు.

ఉపాధ్యాయులు ఈ చిన్న ప్రయోగము చేయింపవచ్చును. చీకటిగదిలో ఒక చివర చిలకపచ్చ గుడ్డను, సైకిలు బిళ్లను ఉంచి, రెండవ చివరనుండి టార్చిని కంటి ప్రక్కనే పట్టుకొని వేయుడు. బిళ్ల భగ్గున మెరయును; గుడ్డ మసకగా నుండును. తరువాత టార్చిని రెండుమూడు మీటర్ల దూరముగా ప్రక్కన నిలిచిన మిత్రునికిచ్చి అదే బిళ్లపై వేయించుడు. ఇపుడు మీ కంటికి బిళ్ల మెరుపు తగ్గిపోవును. మిత్రునికి మాత్రము భగ్గున కనబడును.

మా విద్యార్థి ఈ ప్రయోగము చేసి చూచినాడు. మరునాటి సాయంకాలము అతని రెండు చీలమండలకు పట్టీలు, సైకిలుకు దీపము ఉన్నవి. కోటు కూడ ఉన్నది. అయితే దానిపని పగటిపూట అని అతడిపుడు ఎరుగును.