కంప్యూటరు మతిమరుపు: దోషం ఎవరిది?

విద్యార్థులారా! మీ బడి బీరువాలోనో, ఎవరింటి అటకమీదనో 1990 ప్రాంతపు పాత కంప్యూటరు ఒకటి దొరికిందనుకోండి. దుమ్ము దులిపి స్విచ్ వేస్తే, 'మెమరీ లెక్క సరిపోలేదు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు తెరమీద కనిపిస్తాయి. మెమరీ చిప్పులు పోయాయని మనం వెంటనే తీర్మానించేస్తాం. నేనూ ఒకసారి అలాగే అనుకుని, చిప్పులు కొనితెచ్చి వేసి, భంగపడ్డాను. తప్పు చిప్పులది కాదు, చిటికెనవేలంత బ్యాటరీది!

అదెలాగో చూద్దాం. ఈ యంత్రానికి జ్ఞాపకాలు రెండు రకాలు. పని చేసేటప్పుడు వాడుకొనేది మొదటిది. ఇందులో ప్రతి బిట్టూ ఒక అతిచిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. చిల్లికుండలో నీటిలాగా ఈ ఆవేశం కారిపోతూ ఉంటుంది. అందుకని కొన్ని మిల్లీసెకనులకొకసారి దాన్ని మళ్ళీ నింపుతూ ఉండాలి. కరెంటు తీసేస్తే అంతా మాయం.

రెండోది చిన్న చిట్టాపుస్తకం వంటిది. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో దీని పరిమాణం 64 బైట్లే. అందులో 14 బైట్లు గడియారానివి. మిగిలిన 50 బైట్లలో డిస్కు ఏ రకం, మెమరీ ఎంత అనే వివరాలుంటాయి. కరెంటు లేనప్పుడు దీన్నీ, గడియారాన్నీ కాపాడేది బ్యాటరీయే. గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను వరుసగా 15 సార్లు సగం చేసి చూడండి, ఒకటి వస్తుంది. అదే ఒక సెకను!

స్విచ్ వేయగానే కంప్యూటరు తన చిప్పులను లెక్కపెట్టి, ఆ లెక్కను చిట్టాతో పోల్చుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోతే చిట్టా చెరిగిపోతుంది. లెక్క కుదరదు. నింద మెమరీ మీద పడుతుంది!

మరి అసలు దోషిని పట్టుకోవడం ఎలా? చిట్టాలో సరైన వివరాలు నింపి, కరెంటు తీయకుండానే యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టండి. అప్పుడు బాగా నడిచి, ఒక రాత్రి ఆపి ఉంచాక మళ్ళీ మరచిపోతే దోషం బ్యాటరీది. నింపిన వెంటనే కూడా తప్పు చూపుతుంటే చిప్పులను అనుమానించాలి. ప్లగ్గు పీకి, రెండు చిప్పుల స్థానాలు మార్చండి. తప్పు చిప్పుతోపాటు కదిలితే చిప్పు చెడింది. పాత చోటనే ఉండిపోతే ఆ సాకెట్టో, దానికి వెళ్ళే రాగి దారో చెడిందన్నమాట. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది కారణమో తేలదు.

ఇక బ్యాటరీ సంగతి. ఆనాటి చాలా బోర్డులలో 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీని బోర్డుకే టంకం వేసి అతికించేవారు. ఒక్కొక్కటి 1.2 వోల్టుల చొప్పున మూడు ఘటాలు. ఏళ్ళు గడిచాక ఇది కారుతుంది. లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పాకుతూ పోయి, వెంట్రుకంత సన్నని రాగి దారులను తినేస్తుంది. చుట్టూ పచ్చని పొక్కు కనిపిస్తే అదే గుర్తు. ఆ మరక మీద తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం అద్దితే నీలంగా మారుతుంది. క్షారం కదా!

కాబట్టి కంప్యూటరు నడిచినా నడవకపోయినా ముందు ఆ బ్యాటరీని తీయించాలి. క్షారం కళ్ళకు ప్రమాదం, కాడ్మియం విషం. అందువల్ల కళ్ళద్దాలు, చేతితొడుగులు ధరించి, ఉపాధ్యాయుని సమక్షంలోనే పని చేయాలి. పలుచని వెనిగర్‌ను దూదితో అద్దితే ఆమ్లం క్షారాన్ని తటస్థం చేస్తుంది. తరువాత శుభ్రమైన నీటితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తెగిన దారిని మల్టీమీటరుతో వెదకి, సన్నని తీగతో కలపవచ్చు.

మరొక్క జాగ్రత్త. పాత బ్యాటరీని బోర్డే చార్జి చేస్తుంది. దాని స్థానంలో మామూలు లిథియం బిళ్ళను నేరుగా పెట్టకూడదు. చార్జి చేయకూడని ఆ బిళ్ళలోకి కరెంటు పోతే అది పగిలిపోవచ్చు. కరెంటు వెనక్కి రాకుండా మధ్యలో డయోడు ఉండాలి.

యంత్రం చెప్పేది లక్షణాన్ని మాత్రమే. జ్వరం వచ్చిందని ఒళ్ళు చెబుతుంది, కారణం వైద్యుడే వెదకాలి. పాత బోర్డు దగ్గర ఆ వైద్యుడు మీరే!