జింక మాంసము – వండు విధము, వలసిన జాగ్రత్తలు

గత నవంబరు చివర అమెరికాలోని పెన్సిల్వేనియాలో మా అమ్మాయి ఇంట నున్నాను. అక్కడ అది జింకల వేటకాలము. ప్రభుత్వ అనుమతితో వేటాడిన పొరుగింటివారు రెండు కిలోల తొడమాంసము అభిమానముతో పంపినారు. మా అమ్మాయి అందులో సగము మేకమాంసము వలెనే కుక్కరులో వండినది. ముక్క తోలువలె సాగినది. "మామయ్యగారూ, మీ శాస్త్రములో దీనికి ఉపాయమేమైనా ఉన్నదా?" అని అల్లుడు నవ్వినాడు.

ఉపాయము ఆ మాంసపు గుణములోనే ఉన్నది. చరక సంహిత మృగమాంసములలో ఏణము, అనగా కృష్ణజింక మాంసము, శ్రేష్ఠమన్నది. అమెరికాలోని తెల్లతోక జింక వేరు జాతి గనుక ఆ మాటను దానికి యథాతథముగా అన్వయింపరాదు. అయినను లఘుత్వము దీనిలోను కనబడును. 100 గ్రాముల పచ్చిమాంసములో మాంసకృత్తులు సుమారు 23 గ్రాములుండగా, కొవ్వు రెండు మూడు గ్రాములే. కావున స్నేహద్రవ్యమును మనమే చేర్చి, మంట తగ్గించి వండవలెను.

వండు విధానము

కిలో మాంసమునకు పైనున్న తెల్లని పొరను, కొవ్వును పూర్తిగా తీసివేయవలెను. నీచువాసన ఎక్కువగా ఆ కొవ్వులోనిదే. ముక్కలను పుల్లని మజ్జిగలో చిటికెడు పసుపుతో రాత్రియంతయు ఫ్రిజ్‌లో నానబెట్టి, ఉదయము ఆ మజ్జిగ పారబోయవలెను. మందపాటి గిన్నెలో మూడు పెద్ద చెంచాల నెయ్యి కాచి, నాలుగు లవంగములు, దాల్చినచెక్క, బిరియానీ ఆకు వేసి, రెండు ఉల్లిపాయల తరుగు ఎఱ్ఱగా వేపవలెను. పిమ్మట అల్లము వెల్లుల్లి ముద్ద, మాంసము వేసి కలియబెట్టి, చెంచాడు మిరియాలపొడి, రెండు చెంచాల ధనియాలపొడి, చెంచాడు జీలకఱ్ఱపొడి, తగినంత సైంధవలవణము చేర్చవలెను. మూడు గ్లాసుల వేడినీరు పోసి, మూతపెట్టి, సన్నని సెగపై రెండు గంటలు ఉడికింపవలెను. కారము మితముగానే ఉండవలెను.

మరునాడు మిగిలిన కిలోను నేనే ఇట్లు వండితిని. ఈసారి ముక్క వేలితో విడిపోయినది. అల్లుడు మారు వడ్డించుకొన్నాడు.

జాగ్రత్తలు

తూటా తగిలిన చోట చుట్టునున్న మాంసము వాడరాదు. సీసపు రేణువులు కంటికి కనబడవు. సీసపు తూటాతో కొట్టిన మాంసము గర్భిణులకు, పసిపిల్లలకు పెట్టకుండుట మేలు. ఖీమా చేసినచో లోపలి వేడి 71 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరవలెను. అక్కడి జింకలకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అను క్షయకరమైన వ్యాధి కలదు. అది మనుష్యులకు సోకినట్లు నిర్ధారణ కాలేదు; కాని వంటవేడికి ఆ దోషము నశింపదు. ఆ వ్యాధి ఉన్న ప్రాంతములలో పరీక్ష చేయించి, దోషమున్నదన్న మాంసమును విడువవలెను. వాతరక్తము, అనగా గౌటు, ఉన్నవారు మాంసమును మితపరచుకొనవలెను.

మన దేశములోని వారికి

రోగికి బలమని జింకమాంసము తెప్పింపవచ్చునా అని నన్నడుగువారున్నారు. తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దుప్పి, కణుజు, కృష్ణజింకల వేట నేరము. ఆ మాంసము కొనుట, ఇంట నుంచుకొనుట కూడ నేరమే. మందు కొఱకన్న మాట రక్షింపదు. రహస్యముగా వచ్చు మాంసము ఏ జంతువుదో, ఎన్నినాళ్ళదో తెలియదు కూడ.

అంత వెదకనక్కర లేదు. మేకమాంసము శరీరధాతువులకు సమానమైనదనియు, పుష్టికరమనియు చరకుడే చెప్పినాడు. కొవ్వు తీసిన మేక తొడమాంసమును నెయ్యి సగము చేసి ఇదే విధముగా గంటసేపు ఉడికించి, జీర్ణశక్తి మందగించినవారికి ముందు ఆ రసమును మాత్రమే ఇచ్చి చూడుడు.