పాత ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాగన్ కొనేముందు: అపోహలు – వాస్తవాలు

డెన్వర్‌లోనో మిన్నియాపాలిస్‌లోనో ఉద్యోగం దొరికి, మొదటి చలికాలం దగ్గర పడుతుంటే మనవాళ్లలో చాలామంది చూపు పాత సుబారు వ్యాగన్ మీద పడుతుంది. పొడుగాటి డిక్కీ, అందుబాటు ధర, వెనక తలుపు మీద ఫోర్ వీల్ డ్రైవ్ అనో ఆల్ వీల్ డ్రైవ్ అనో అక్షరాలు. ఇంకేం, మంచులో దిగులు లేదనుకుంటారు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నడిపే బండి కాబట్టి ఆ ధీమాకు ఆధారం ఎంతో తేల్చుకోవడం అవసరం.

ఆ అక్షరాల వెనక ఉండేది ఒకే రకం యంత్రం కాదు. ఇరవై ముప్పై ఏళ్ల నాటి బండి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఏముంది? రెంటినీ బిగించి కట్టేసే సూటి లంకెనా, చక్రాల వేగాల్లో తేడాను సర్దే డిఫరెన్షియలా, అవసరాన్ని బట్టి పట్టి వదిలే క్లచ్చా? ఈ ఒక్కటి తెలిస్తే కింద చెప్పబోయే చిక్కుల్లో చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

అపోహ: బండి మీద రాసి ఉంటే నాలుగు చక్రాలకూ ఎప్పుడూ ఇంజిన్ శక్తి అందుతున్నట్టే.

వాస్తవం: అది బండి తరాన్ని బట్టి మారుతుంది. జపాన్‌లో తొహోకు విద్యుత్ సంస్థ సిబ్బంది మంచు కొండల్లో కరెంటు లైన్లు చూసుకోవడానికి జీపుల్లో తిరిగేవారు. కారులా సుఖంగా ఉండి జీపులా కొండెక్కే బండి కావాలని ఆ సంస్థ కోరింది. ఆ కోరికలోంచే 1972లో సుబారు లియోన్ ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్టేట్ పుట్టింది. ఆ తరం బండి మామూలుగా ముందు చక్రాలతోనే నడుస్తుంది. లివర్ లాగితే వెనక చక్రాలు కలుస్తాయి. తర్వాత వచ్చిన కొన్ని మోడళ్లలో లివర్ బదులు గేరు రాడ్డు మీద బటన్ పెట్టారు. ముందుకూ వెనక్కూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. దీన్నే పార్ట్ టైమ్ అంటారు. మన దగ్గరి మారుతీ జిప్సీ, పాత మహీంద్రా జీపులు ఈ కుటుంబానివే. కాకపోతే వాటిలో రోజూ బండిని తోసేవి వెనక చక్రాలు, లివర్ వేస్తే జత కలిసేవి ముందువి.

1989లో సుబారు లెగసీ వచ్చాక కథ మారింది. మాన్యువల్ గేర్ల లెగసీలో మధ్యన ఒక డిఫరెన్షియల్ ఉంటుంది. అది శక్తిని ముందుకూ వెనక్కూ సగం సగం పంచుతుంది. ఒకవైపు చక్రాలు జారి గిర్రున తిరగబోతే, దానికి జతగా ఉన్న సిలికాన్ ద్రవపు కప్లింగ్ చిక్కబడి రెండోవైపుకు శక్తిని మళ్లిస్తుంది. ఆటోమేటిక్ గేర్ల లెగసీలో డిఫరెన్షియల్‌కు బదులు గేర్‌బాక్సు తోక భాగంలో పలకల క్లచ్ ఉంటుంది. పొడి రోడ్డు మీద నింపాదిగా వెళ్తుంటే ఎక్కువ శక్తి ముందు చక్రాలకే పోతుంది. చక్రం జారినా, ఎక్సలరేటర్ గట్టిగా తొక్కినా కంప్యూటర్ ఆ క్లచ్‌ను బిగించి వెనక్కి ఎక్కువ పంపుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1996 మోడల్ సంవత్సరం నుంచే సుబారు అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఆల్ వీల్ డ్రైవ్ ఇచ్చింది. అంతకుముందు లెగసీ వ్యాగన్ ముందు చక్రాల డ్రైవ్‌తో కూడా దొరికేది. ఒకే ఏడాది, ఒకే రంగు బండ్లు రెండు పక్కపక్కన నిలబెడితే పైకి తేడా తెలియదు. వంగి కిందికి చూడాలి. వెనక ఇరుసు దాకా ప్రొపెల్లర్ షాఫ్ట్ వెళ్లి, అక్కడ గుండ్రటి డిఫరెన్షియల్ డబ్బా కనిపిస్తేనే వెనక చక్రాలకు శక్తి వెళ్లే దారి ఉన్నట్టు. అమ్మేవాళ్ల మాటకంటే ఆ షాఫ్ట్‌నే నమ్మాలి.

అపోహ: ఎందుకైనా మంచిది, వాన పడినా హైవే ఎక్కినా ఫోర్ వీల్ వేసి ఉంచితే పట్టు బాగుంటుంది.

వాస్తవం: పార్ట్ టైమ్ బండిని పాడు చేసుకోవడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. తడి మట్టి మీద కారును మెల్లగా మలుపు తిప్పి, దిగి జాడలు చూడండి. వెనక చక్రపు జాడ ముందు చక్రపు జాడకంటే లోపలికి పడి ఉంటుంది. అంటే మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, వెనకవి తక్కువ. రెంటినీ బిగించి కట్టేస్తే ఆ తేడా ఎక్కడికి పోవాలి? మట్టిలోనో మంచులోనో అయితే ఏదో ఒక చక్రం కాస్త జారి తేడాను సర్దేస్తుంది. తారు రోడ్డు మీద జారదు, వానకు తడిసినా అంతగా జారదు. ఆ బిగువంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు పట్టినట్టు బండి ఈడుస్తుంది, ఒక్కోసారి ఫోర్ వీల్ లివర్ వెనక్కి రాకుండా మొరాయిస్తుంది. అప్పుడు లివర్‌తో కుస్తీ పట్టకుండా కొన్ని గజాలు రివర్స్ చేస్తే బిగువు వదులుతుంది.

ఊళ్లో ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు నడిపేవాళ్లకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. దమ్ము చేసేటప్పుడు వేసిన లివర్‌ను రోడ్డెక్కగానే తీసేస్తారు. తీయకపోతే ముందు టైర్లు ఇట్టే అరిగిపోతాయి.

లివర్‌తో పని లేకుండా ఎప్పుడూ నాలుగు చక్రాలూ కలిసి ఉండే లెగసీ లాంటి ఫుల్ టైమ్ బండికి ఈ నియమం లేదు. మధ్యలోని డిఫరెన్షియలో క్లచ్చో ఆ తేడాను మింగేస్తుంది కాబట్టి పొడి రోడ్డు మీదా నిశ్చింతగా నడపొచ్చు.

అపోహ: నాలుగు చక్రాలూ తిరిగే బండి మంచు మీద త్వరగా ఆగుతుంది.

వాస్తవం: ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఇంజిన్ శక్తి ఎన్ని చక్రాలకు వెళ్తుందన్నది కదలడానికి, ఎత్తు ఎక్కడానికి పనికొస్తుంది. ఆపేది టైరు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ముందు చక్రాల బండి సిగ్నల్ దగ్గర జారి, రోడ్డు బాగోలేదని ముందే హెచ్చరిస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి జారకుండా ముందుకు దూకుతుంది. రోడ్డు ఎంత నున్నగా ఉందో బ్రేకు తొక్కాక గానీ తెలియదు.

ఫోర్ వీల్ డ్రైవ్, చలికాలపు టైర్లు, ఈ రెంటిలో ఒక్కదానికే డబ్బు సరిపోతుందనుకుంటే నా ఓటు టైర్లకే. వాటి రబ్బరు చలిలో బిగుసుకుపోకుండా మెత్తగా ఉంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు గుర్తు ఉంటుంది. కొనేముందు అది చూసుకోండి. కొలరాడో ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. ఐ-70 కొండ దారిలో చలికాలపు నిబంధనల ప్రకారం ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే సరిపోదు, టైరు గాట్లు అంగుళంలో 16కు 3 వంతులు, అంటే దాదాపు 4.8 మి.మీ. లోతు ఉండాలి.

అపోహ: ఒక టైరు పంక్చరై పాడైతే ఆ ఒక్కటీ మార్చుకుంటే చాలు.

వాస్తవం: మిగతా కార్ల సంగతి ఎలా ఉన్నా ఫుల్ టైమ్ బండిలో ఈ పొదుపు చాలా ఖరీదైనది. నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం, అంటే సుమారు 6 మి.మీ. దాటకూడదని సుబారు చెబుతుంది. పావు అంగుళం చుట్టుకొలత అంటే గాటు లోతులో మిల్లీమీటరు తేడా, అంతే. కొత్త టైరు గాటు 8 మి.మీ. దాకా ఉంటుంది. మిగతా మూడూ సగం అరిగి 4 మి.మీ. మీద ఉన్నాయనుకోండి. చుట్టుకొలతలో తేడా 25 మి.మీ. అవుతుంది, అంటే హద్దుకు నాలుగింతలు. ఇలాంటి బండి టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. కాబట్టి అరిగిన టైరు ప్రతి కిలోమీటరుకూ కొత్తదానికంటే దాదాపు ఆరు చుట్లు ఎక్కువ తిరగాలి. బండి మలుపులో ఉందో తిన్నగా పోతోందో క్లచ్ పలకలకేం తెలుసు? ఆ తేడాను రోజంతా రాసుకుంటూ, వేడెక్కుతూ, అరుగుతూ భరిస్తాయి. ద్రవపు కప్లింగ్ పరిస్థితీ ఇదే.

బండి చూడటానికి వెళ్లేటప్పుడు గాటు లోతు కొలిచే గేజు, దర్జీ టేపు జేబులో వేసుకెళ్లండి. నాలుగు టైర్లలోనూ గాలి సరిపడా ఉండేలా చూసి, ఒక్కోదాని గాటు లోతు కొలవండి. చక్రాలు ఎత్తగలిగే చోటయితే చుట్టుకొలతే నేరుగా కొలవొచ్చు. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకేలా అరిగినవైతే ఆ బండిని శ్రద్ధగా చూసుకున్నారని నేను నమ్ముతాను. నాలుగు పేర్ల టైర్లు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తొందరపడను. తప్పనిసరిగా ఒక్కటే మార్చాల్సి వస్తే, కొత్త టైరును పాతవాటి లోతుకు చెక్కి ఇచ్చే షాపులు అమెరికాలో ఉన్నాయి.

అపోహ: మలుపులో బండి గుంజితే పాతబడిన జాయింట్ల వల్లే.

వాస్తవం: చక్రం దగ్గరి సీవీ జాయింట్ పోతే టకటకమని చప్పుడు వస్తుంది. గుంజుడు, కుదుపు వేరు. ఖాళీ పార్కింగ్ స్థలంలో స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి, మెల్లగా ఒక చుట్టు ముందుకూ ఒక చుట్టు వెనక్కూ నడపండి. ఆటోమేటిక్ లెగసీ ఈడుస్తూ, గుంజుతూ తిరిగిందంటే పలకల క్లచ్ వదలాల్సిన చోట వదలడం లేదు. గేర్‌బాక్సు ఆయిల్ మారిస్తే నయమైనవి కొన్ని ఉంటాయి. క్లచ్‌ను బిగించి వదిలే సొలినాయిడో, క్లచ్చో పోయి ఉంటే ఖర్చు బండి ధరలో చెప్పుకోదగ్గ భాగం అవుతుంది.

అదే పరీక్ష పాత లియోన్ తరం బండి మీద చేయండి. ఫోర్ వీల్ వేసి, గులకరాళ్ల నేల మీద తిప్పినప్పుడు టైర్లు నేలను గీరుతూ బండి బిగిస్తే అది శుభసూచకం, వెనక చక్రాలు నిజంగా కలిశాయన్నమాట. బటన్ రకం బండ్లలో డ్యాష్‌బోర్డు దీపాన్ని మాత్రమే నమ్మొద్దు. ఆ బటన్ వాక్యూమ్ గొట్టాల ద్వారా పనిచేస్తుంది. ఇన్నేళ్లలో రబ్బరు గొట్టాలు బీటలిచ్చి ఉండొచ్చు. ఒకే గుంజుడు ఒక బండిలో ఆరోగ్యం, ఇంకో బండిలో రోగం. మధ్యలో ఏముందో తెలియనిదే ఏది ఏదో చెప్పలేం.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఎక్కడా ఇరుక్కోదు.

వాస్తవం: ఇరుక్కుంటుంది. మామూలు డిఫరెన్షియల్ తేలిగ్గా తిరిగే చక్రాన్నే తిరగనిస్తుంది. ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం నున్నటి మంచు మీద పడ్డాయంటే ఆ రెండే గిరగిరా తిరుగుతాయి, పట్టున్న రెండూ కదలవు.

అపోహ: వాడకుండా ఉంచితే అరగదు, ఆయిల్ కూడా మార్చక్కర్లేదు.

వాస్తవం: పార్ట్ టైమ్ బండిలో ఫోర్ వీల్‌ను నెలకోసారైనా మట్టి నేల మీద కాసేపు వేసి నడపాలి. కదలకపోతే లంకెలు బిగుసుకుంటాయి. వెనక డిఫరెన్షియల్‌కు లీటరు లోపే పట్టే సొంత ఆయిల్ ఉంటుంది. ఆటోమేటిక్‌లో ముందు డిఫరెన్షియల్‌కూ వేరే ఆయిల్, వేరే డిప్‌స్టిక్. గేర్‌బాక్సు ఆయిల్ చూసి అంతా బాగుందనుకునేవాళ్లు ఈ రెంటినీ మర్చిపోతారు. బండి దారిలో ఆగిపోతే ఫుల్ టైమ్ వ్యాగన్‌ను రెండు చక్రాలు నేల మీద ఉంచి లాగనివ్వొద్దు, నాలుగూ ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ ట్రక్కే పిలవండి.

డబ్బు చెల్లించేముందు ఇంకొక్కటి చూడండి. 1990ల నాటి ఆటోమేటిక్ లెగసీల్లో చాలావాటికి ఇంజిన్ గదిలో ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాల డ్రైవ్) అని రాసిన చిన్న ఫ్యూజు డబ్బా ఉంటుంది. చిన్న స్టెపినీ టైరు వేసుకున్నప్పుడు అందులో ఫ్యూజు పెడితే వెనక చక్రాలకు శక్తి ఆగుతుంది, డ్యాష్‌బోర్డులో అవే అక్షరాలతో దీపం వెలుగుతుంది. మలుపులో గుంజుడు కనబడకుండా ఈ ఫ్యూజు పెట్టి అమ్మేవాళ్లూ ఉంటారు. డబ్బా మూత తీయండి. లోపల ఫ్యూజు ఉంటే దాన్ని పీకేసి, పార్కింగ్ స్థలంలో ఆ చుట్టు మళ్లీ కొట్టించండి.