ఖరగ్‌పూర్ పిల్లలకు విశాఖ యాత్ర: ఏం చూపించాలి, ఎలా చూపించాలి

చలికాలం సెలవులు దగ్గర పడితే ఖరగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాల్లో విశాఖపట్నం మాట మొదలవుతుంది. బంధువుల ఇంట శుభకార్యం చూసుకుని, ఒక సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో గడిపి తిరిగి రావడం చాలామందికి అలవాటు. నాలుగైదు కుటుంబాలు కలిసి గానీ, బడి పిల్లల బృందంగా గానీ వెళ్లినప్పుడు ఇంతకన్నా చాలా చూడవచ్చు. మన పిల్లలకు విశాఖ వేరే ఊరు కాదు. వారి తాత ముత్తాతల్లో ఎందరో ఆ ప్రాంతం నుంచే ఇక్కడికి వచ్చారు.

ఒకే రైల్వే, రెండు ఊళ్లు

ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1902లో కటక్ నుంచి వాల్తేరు వరకు ఉన్న తీర మార్గాన్ని తనలో కలుపుకుంది. ఆ దారినే శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల పనివారు ఇక్కడికి చేరారు. విశాఖ రేవుకూ ఈ కంపెనీతో సంబంధం ఉంది. మధ్య భారతంలోని మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి రాయపూర్–విజయనగరం మార్గాన్ని పూర్తి చేసిందీ ఇదే. 1933 అక్టోబరులో 'జలదుర్గ' అనే ఓడ కొత్త రేవులో అడుగుపెట్టింది.

మొదటి రోజు: రేవు, బీచ్ రోడ్డు

పాతపట్నంలో రేవుకు ఎదురుగా మూడు కొండలున్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై దర్గా, ఇంకోదానిపై చర్చి. ఉదయం ఎండ ముదరకముందే ఒక కొండ ఎక్కి, డాల్ఫిన్స్ నోస్ కొండ రేవుకు గాలివానల నుంచి ఎలా అడ్డు నిలిచిందో చూపించండి. భూగోళం పాఠం అక్కడే అర్థమవుతుంది.

మధ్యాహ్నం తర్వాత బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామికి వెళ్లండి. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఈ 91 మీటర్ల నౌకను 2002లో మ్యూజియంగా తెరిచారు. లోపల దారి ఇరుకు, తలుపులు గుండ్రంగా చిన్నవి. పదిమంది చొప్పున వెళ్లడం మంచిది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు బయటే ఉండవచ్చు. ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. సోమవారం జలాంతర్గామికి సెలవు కాబట్టి ప్రయాణం తేదీలు అందుకు తగ్గట్టు చూసుకోవాలి.

రెండో రోజు: తొట్లకొండ, భీమిలి

భీమిలి దారిలోని తొట్లకొండపై రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం శిథిలాలున్నాయి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే ఈ తీరానికి సముద్ర వ్యాపారం కొత్త కాదు. వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చింది. దగ్గరలోని బావికొండ పేరూ అలాంటిదే. బడిలో తెలుగు చదవని పిల్లలకు కూడా ఇంట్లో వినే తొట్టి, బావి అనే మాటలు అక్కడ కళ్లెదుట కనిపిస్తాయి. అక్కడి నుంచి భీమునిపట్నం వెళ్లి డచ్చివారి సమాధులు చూసి వెనుదిరగవచ్చు.

రెండు రోజులే ఉంటే అరకును ఇందులో ఇరికించవద్దు. దానికి పూర్తిగా ఒక రోజు కావాలి.

సముద్రం దగ్గర జాగ్రత్త

మన పిల్లలకు అలవాటైనది దీఘా తీరం. అక్కడ ఒడ్డు మెల్లగా వాలుతుంది. ఆర్‌కే బీచ్ అలా కాదు. ఒడ్డు దాటగానే లోతు పెరుగుతుంది, వెనక్కి వెళ్లే అల బలంగా లాగుతుంది. ఈత వచ్చినవారు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టాలి. పదిమంది పిల్లలకు ఒక పెద్దను అప్పగించి, నీటి దగ్గరికి వెళ్లేముందూ వచ్చాకా లెక్క చూసుకోవాలి.

ఏర్పాట్లు

ఖరగ్‌పూర్ నుంచి ఒక రాత్రి ప్రయాణం. ఒక రిజర్వేషన్ ఫారంపై ఆరుగురికే టికెట్లు ఇస్తారు. పెద్ద బృందమైతే ముందుగా స్టేషన్ రిజర్వేషన్ అధికారిని కలవాలి. విద్యాయాత్రకు విద్యార్థులకు రైల్వే రాయితీ ఉంది. అందుకు ప్రధానోపాధ్యాయుడి ధ్రువపత్రం అవసరం. ఎల్‌ఎఫ్‌సీ మీద వెళ్లే సిబ్బంది ముందే అనుమతి తీసుకుని, టికెట్లు భద్రపరచుకోవాలి.

బయలుదేరే ముందు పిల్లలకు ఒక చిన్న పని ఇవ్వండి. మన కుటుంబంలో మొదట ఖరగ్‌పూర్ వచ్చినవారు ఏ స్టేషన్‌లో రైలెక్కారో ఇంట్లో పెద్దవారిని అడిగి రాసుకోమనండి. తిరుగు ప్రయాణానికి పగటి బండి దొరికితే విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస స్టేషన్లు వెలుతురులోనే దాటుతారు.