ఏడు నిమిషాల దూరానికి సగం పూట

మ్యాపు మీద స్కేలు పెట్టి మదనపల్లె నుంచి కుప్పానికి గీత గీస్తే సుమారు 90 కిలోమీటర్లు వస్తుంది. గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్ విమానానికి ఇది ఏడు నిమిషాల పని. అదే పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో పోతే దూరం నూరు దాటుతుంది, సగం పూట గడిచిపోతుంది.

నిజానికి ఆ ఏడు నిమిషాలు లెక్కల పుస్తకంలోనే కుదురుతాయి. జెట్ విమానం పది కిలోమీటర్ల ఎత్తు అందుకోవడానికే ఇంచుమించు ఇరవై నిమిషాలు పడుతుంది. మదనపల్లెలో లేచింది ఇంకా పైకి ఎక్కుతూ ఉండగానే కుప్పం దాటిపోతుంది!

రైలు కథ ఇంకా తమాషా. మదనపల్లె స్టేషను ఊళ్లో లేదు, సీటీఎం అనే ఊరి దగ్గరుంది. పుంగనూరుకు రైలే లేదు. పట్టాల మీదే కుప్పం చేరాలని పట్టుబడితే పీలేరు, పాకాల, చిత్తూరు, కాట్పాడి దాటి, తమిళనాడులోని జోలార్‌పేట దాకా పోయి వెనక్కి తిరగాలి. గీత దూరానికి రెండింతలకు పైనే! కుప్పం వాళ్లకు మాత్రం ఆ చింత లేదు. వాళ్ల ఊరి మీదుగా పోయే బెంగళూరు-జోలార్‌పేట రైలుమార్గం 1864 నాటిది. పొద్దున రైలెక్కి బెంగళూరులో పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్లు అక్కడ ఎందరో.

మళ్లీ విమానాల సంగతికొస్తే, బెంగళూరు, చెన్నై విమానాశ్రయాల మధ్య గగన దూరం సుమారు 270 కిలోమీటర్లు. ఆ గీత పలమనేరుకూ వి.కోటకూ నడుమ పోతుంది. టికెట్టు మీద దాదాపు గంట అని రాస్తారు గానీ, అందులో రన్‌వే దాకా నేల మీద పాకే సమయమూ కలిసే ఉంటుంది. 344 కిలోమీటర్ల లండన్-పారిస్ ప్రయాణానికీ గంటంబావు చూపించడం అందుకే. వియన్నా, బ్రాటిస్లావా అనే రెండు రాజధానుల మధ్య 60 కిలోమీటర్లు కూడా లేవు. అక్కడ జనం రైలో, బస్సో, డాన్యూబ్ నదిలో పడవో ఎక్కుతారు. ఇక స్కాట్లండ్‌లో వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల మధ్య 1967 నుంచి చిన్న విమానం తిరుగుతోంది. దూరం 2.7 కిలోమీటర్లు, రికార్డు సమయం 53 సెకన్లు.

మదనపల్లెకు ఏ విమానాశ్రయం దగ్గర? సొంత రాష్ట్రంలోని రేణిగుంట అనుకుంటాం. గీత కొలిస్తే దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం 95 కిలోమీటర్లు, రేణిగుంట 110 పైచిలుకు. పైగా రేణిగుంటకు పోయే తిరుపతి దారిలో భాకరాపేట ఘాట్ దిగాలి. 2008లో బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లికి మారడం మదనపల్లె వాళ్లకు అడగకుండా దొరికిన వరం. కుప్పానికైతే రేణిగుంట దాదాపు రెట్టింపు దూరం. కుప్పంలోనే విమానాశ్రయం కడతామని 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు.

అంతర్జాతీయ విమానానికి మూడు గంటలు ముందే రమ్మంటారు. కాబట్టి మదనపల్లె నుంచి బయల్దేరేవాళ్లు టికెట్టు మీది సమయం ఒక్కటే చూసుకోక, దేవనహళ్లికి పోయే చింతామణి రోడ్డు మీద పట్టే సమయాన్నీ కలుపుకోండి.